పదింటికి రమ్మన్నారు

మా మనవరాలు ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఇంట్లో ఒక నియమం పెట్టాను. చదివేది ఏదైనా పైకి చదవాలి. లోపల్లోపల చదువుకుంటే చదువుతోందో, పుస్తకం ముందేసుకుని కలలు కంటోందో నాకెలా తెలుస్తుంది? కిరసనాయిలు కాలుతున్నంతసేపూ నోరు ఆడాలి. నోరు ఆగితే లేచి వత్తి తగ్గించేదాన్ని.

అలా వినీ వినీ ఇంగ్లీషులో వేళలు చెప్పే మూడు చిన్న మాటలు నాకు పట్టుబడ్డాయి. ఎట్, ఆన్, ఇన్. నేను బడికి వెళ్ళింది మూడో తరగతి సగం వరకే. రాయడమూ చదవడమూ ఆ తర్వాత ఎండుచేపలు చుట్టే పాత పేపర్లు చూసి నా అంతట నేను దిద్దుకున్నవే. అయినా ఆ మూడు మాటల్లో ఏది ఎక్కడ పెట్టాలో ఈ రోజు అడిగినా చెబుతాను. గడియారం ముల్లు చూపించే వేళకి ఎట్. వారానికీ తేదీకీ ఆన్. నెలకీ ఏడాదికీ ఇన్.

మాది దివిసీమ చివర, కృష్ణ సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న లంక. ఏ పనికి కదలాలన్నా ముందు పాయ దాటాలి. రెండు పడవలు జతకట్టి పైన బల్లలు పరిచిన పంటు ఒకటి ఇటూ అటూ తిరుగుతుంది. అవతల రేవులో దిగితే అవనిగడ్డ బస్సు. అవనిగడ్డ నుంచి ఎక్కడికైనా పోవచ్చు. నా కొడుకు బందరు హార్బరులో ఒకళ్ళ బోటు మీద పనిచేసేవాడు. బోర్డుల మీద మచిలీపట్నం అని రాస్తారుగానీ మాకది బందరే. పదిహేను రోజులకో నెలకో వచ్చి, రెండు రోజులుండి పోయేవాడు. పిల్లకి నాలుగేళ్ళప్పుడే కోడలు జ్వరమొచ్చి పోయింది. పిల్లని నేనే పెంచాను. పెంచానంటే ఒళ్ళో కూర్చోబెట్టుకుని కథలు చెప్పి కాదు. పెట్టాల్సినప్పుడు పెట్టాను, కొట్టాల్సినప్పుడు కొట్టాను, జ్వరమున్న రోజు తప్ప బడి మాననివ్వలేదు. మా వీధిలో పదో తరగతి దాటిన ఆడపిల్ల అదొక్కతే.

ఆ పాఠం మొదటిసారి విన్నప్పుడు నేను అరుగు మీద చినిగిన వల కుట్టుకుంటున్నాను. లోపల్నుంచి పిల్ల గొంతు.

"ఎట్ టెన్ ఓ క్లాక్. ఆన్ మండే. ఇన్ జూన్."

"ఆగు. ఏంటవి?"

"పదింటికి. సోమవారం. జూన్‌లో."

"పదింటికి అన్నదానికి 'కి' ఉంది, సరే. సోమవారానికి మనం ఏం తగిలించాం? సోమవారం వస్తాడు అంటే సరిపోద్ది. వాళ్ళకి దానికి కూడా ఒక మాట కావాలా?"

"కావాలి నాయనమ్మా. లేకపోతే మార్కు పోద్ది."

"దండగ," అన్నాను.

కాసేపాగి మళ్ళీ. "ఇన్ ద మార్నింగ్. ఇన్ ద ఈవినింగ్. ఎట్ నైట్."

"ఏమే, పొద్దునకీ సాయంత్రానికీ ఒకటే పెట్టి రాత్రికి వేరేదెందుకు? రాత్రేం పాపం చేసింది?"

"అదంతే."

"ఎవరన్నారు?"

"పుస్తకం అంది."

"ఆ పుస్తకం రాసినాయన ఒక్క రాత్రన్నా పడవ మీద ఉన్నాడా? ఇన్ అంటే లోపల అన్నావుగా, రాత్రి అంత లోపలుండే వేళ ఇంకోటి ఉందా?"

పిల్ల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను నవ్వలేదు. అడిగింది నిజంగానే అడిగాను.

తర్వాత వల కుడుతూ ఆలోచిస్తే నాకే ఒక దారి దొరికింది. మాకూ మూడు రకాల వేళలున్నాయి. నీరు తిరిగే వేళ ఒకటి. పోటు వస్తుంది, పాటు తీస్తుంది, రోజూ ముప్పావుగంట చొప్పున వెనక్కి జరుగుతుంది. అది చూసుకునే పడవలు కదులుతాయి. రెండోది తిథి. మూడోది కార్తె. పిల్లని పిలిచి, "నీరు తిరిగే వేళకి ఎట్, తిథికి ఆన్, కార్తెకి ఇన్ అనుకో. ఇంకెప్పుడూ మర్చిపోవు," అన్నాను. అది కళ్ళు పెద్దవి చేసుకుని నన్నే చూసింది. "మా మాస్టారికన్నా నువ్వే నయం నాయనమ్మా," అంది. మాస్టార్లని అంత మాట అనకూడదని ఒకటి వేశాను.

అప్పట్నుంచి పరీక్షలు నేనే పెట్టేదాన్ని. పాత క్యాలెండరు కాగితాల వెనక అది ఖాళీలు వదిలి వాక్యాలు రాసుకునేది. జవాబుల పేజీ నా చేతిలో ఉండేది. ఆ మాటలు ఆకారాన్ని బట్టి పోల్చుకునేదాన్ని. ఒకటి సున్నాతో మొదలయ్యేది, ఒకటి నిలువు పుల్ల మీద చుక్క, మిగిలింది ఎట్. తప్పు రాస్తే వాకిట్లో ఇసకలో ఇరవైసార్లు రాయించేదాన్ని. కాగితం మీద ఇరవైసార్లు రాయనిస్తే కాగితాలెక్కణ్ణుంచి వస్తాయి? రెండో సంవత్సరం వచ్చేసరికి ఇసకతో పని లేకుండా పోయింది.

ఒక్కదాని దగ్గరే ఇద్దరికీ కుదిరేది కాదు. ఎట్ అంటే సూదిమొనంత వేళట. అటూ ఇటూ జరగదట. "పదింటికి అంటే పదింటికే నాయనమ్మా. తొమ్మిదీ యాభైతొమ్మిది కాదు, పదీ ఒకటి కాదు," అనేది వేలు ఎత్తి చూపిస్తూ.

"అలాంటి వేళ లోకంలో లేదే," అనేదాన్ని నేను.

నా బతుకంతా చూసి అన్న మాటే అది. ఉప్పెన పోయాక పదింటికి బియ్యం పంచుతామని చెప్పి కూర్చోబెట్టారు. లారీ వచ్చేసరికి దీపాలు పెట్టారు. మండలాఫీసులో పదింటికి రమ్మంటారు, కుర్చీలో మనిషి పన్నెండింటికి వస్తాడు. కిరసనాయిలు డీలరు పదింటికి తీస్తానని పదకొండింటికి తాళంచెవి వెతుక్కుంటాడు. టీకాలవాళ్ళు, ఓట్లు అడిగేవాళ్ళు, పెళ్ళిచూపులకొచ్చేవాళ్ళు, అందరూ అంతే. పదింటికి అంటే పదింటి తర్వాత ఎప్పుడో అప్పుడు అని నేను నేర్చుకున్నాను. తొందరపడి ముందు వెళ్ళిన రోజల్లా ఎండలో నిలబడ్డాను. ఎవరైనా వేళ చెబితే దానికి గంట కలుపుకుని కదలడం నాకు అలవాటైపోయింది. మా లంకలో ఎవర్ని కదిపినా అదే లెక్క.

పిల్ల ఇంటర్ పాసయింది. ఇంగ్లీషులోనే ఎక్కువ మార్కులు. ఆ వేసవిలో పేపర్లో ఒక ప్రకటన చూసింది. రెండు వేలు దాటిన కొత్తలు అవి. ఊరూరా ఇంగ్లీషు మీడియం బళ్ళు పుట్టుకొస్తున్నాయి. గుడివాడలో ఒక ప్రైవేటు బడికి చిన్న తరగతులకి ఇంగ్లీషు చెప్పే అమ్మాయిలు కావాలి, ఇంటర్ చాలు, ఉండటానికి గదీ భోజనమూ వాళ్ళే చూస్తారు. అక్కడుంటే బయటి నుంచి కట్టి డిగ్రీ కూడా చదవచ్చని పిల్ల ఆశ. దరఖాస్తు పెట్టింది.

అది దొరక్కపోతే ఏంటో దానికీ తెలుసు, నాకూ తెలుసు. లంక ఆ చివరనున్న రొయ్యల షెడ్డు. మా వీధి ఆడపిల్లలు పొద్దున్నే వ్యానెక్కి అక్కడికే వెళ్ళేవాళ్ళు. మంచునీళ్ళలో చేతులు పెట్టి సాయంత్రం దాకా రొయ్యల తలలు తియ్యాలి. ఒక్క సీజను చేస్తే చాలు, వేళ్ళ సందులు తెల్లగా ఒరుసుకుపోయి అన్నం కలుపుకుంటే కారం మండేది. మా పిల్ల వాళ్ళ వేళ్ళు చూసేది, తన వేళ్ళు చూసుకునేది. 

రోహిణి కార్తెలో కార్డొచ్చింది. పిల్ల నాలుగుసార్లు చదివింది. ఆన్ మండే, ఎట్ టెన్. ముందు రాత పరీక్ష, తర్వాత మేడం గారు మాట్లాడతారు.

"ఆదివారమే వెళ్ళిపోదాం నాయనమ్మా," అంది. "రాత్రికి బందరులో నాన్న దగ్గర పడుకుని, పొద్దున్నే గుడివాడ బస్సెక్కుదాం."

నేను క్యాలెండరు చూశాను. ఆదివారం అమావాస్య.

"కుదరదు. సోమవారం పొద్దున్నే బయల్దేరదాం."

"సోమవారం పొద్దున పోటు ఎప్పుడు?" తెలిసే అడిగింది. నేను నేర్పిందే అది. అమావాస్య మర్నాడు తెల్లారేసరికి రేవు దగ్గర నీళ్ళుండవు. పంటు ఒండ్రులో కూర్చుంటుంది. నీరు ఎక్కి అది తేలేసరికి ఆరు దాటుతుంది.

"ఆరు దాటాక కదులుద్ది," అన్నాను.

"ఆరు దాటి కదిలితే పదింటికి గుడివాడ అందం."

"పదకొండింటికి అందుతాం. ఏం, కొంపలు మునుగుతాయా?"

"మునుగుతాయి."

అంతకు ముందెప్పుడూ నాకు అలా ఎదురు చెప్పలేదు. చెయ్యెత్తాను కూడా. అప్పుడే పక్కింటాయన వచ్చాడు. నన్ను పెద్దమ్మా అంటాడు, పిల్ల ఆయన్ని బాబాయ్ అంటుంది. ఆయనకో నాటు పడవ ఉంది.

"పెద్దమ్మా, ఆదివారం మధ్యాహ్నం వలతాడు కోసం నేను అవతలికి వెళ్తున్నాను. మీ ఇద్దర్నీ దింపేస్తాను. బస్సు అందుద్ది."

"ఆదివారం అమావాస్య. మంచి పనికి నా గడప దాటి ఎవరూ కదలరు."

"ఉద్యోగం పరీక్షేగా పెద్దమ్మా. పెళ్ళా ఏమన్నానా?"

"మొదటి ఉద్యోగం. పెళ్ళికన్నా తక్కువా?"

"ఈ రోజుల్లో ఎవరు చూస్తున్నారు అమావాస్యలు?"

"నువ్వు చూడవు కాబట్టే నీ పడవ ఏడాదికి మూడుసార్లు మరమ్మత్తుకని గట్టెక్కుద్ది," అన్నాను. ఆయన నవ్వేసి, పిల్ల వంక ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి ఇదీ రాయాలి. మా ఆయన పోయిన రెండో ఏడు, ఎండుచేపలకి బందరులో మంచి గిరాకీ ఉందని తెలిసి, నేను అమావాస్య నాడే గంప నెత్తిన పెట్టుకుని వెళ్ళాను. ఒకసారి కాదు, నాలుగైదుసార్లు వెళ్ళాను. నా గంపకి పట్టని అమావాస్య ఆ పిల్లకి పట్టింది. అమావాస్య అడ్డం పెట్టానుగానీ నా మనసులో ఉన్నది వేరు. ఆ పిల్ల నాకే వేళలు నేర్పుతోందని, సూదిమొనలు చూపిస్తోందని నాకు కిట్టలేదు. నా లెక్క ఒకసారి దానికి తెలిసి రావాలనుకున్నాను.

సోమవారం నాలుగింటికే లేచి రేవుకి వెళ్ళాం. నేను చెప్పినట్టే రేవు పక్క పాయ ఎండి ఉంది. పంటు ఒండ్రులో ఒక పక్కకి ఒరిగి ఉంది. పంటు నడిపేవాడు గట్టు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. పిల్ల ఉతికి ఇస్త్రీ చేసిన పంజాబీ డ్రెస్సు వేసుకుంది. ఒక చేత్తో పైజామా అంచులు మోకాళ్ళ దాకా ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో చెప్పులు పట్టుకుని నీళ్ళ వంక చూస్తూ నిలబడింది.

"ఎంతసేపు అన్నా?" అని అడిగింది.

"నీళ్ళు నేను తేలేను కదమ్మా. వచ్చినప్పుడు వస్తాయి."

అయిదున్నరవుతుండగా, నడిపాయలో లోతున్న చోట రొయ్యల పెట్టెలు తీసుకెళ్ళే మోటారు బోటు ఒకటి వచ్చి ఆగింది. దాన్ని నడిపే సరంగు కేకేసి చెప్పాడు, నడుం లోతు నీళ్ళలో నడిచొస్తే దింపుతానని, పెట్రోలుకి ఏదో ఇమ్మని. పిల్ల నా వంక తిరిగింది. 

"పంటు ఉండగా బోటెందుకు? అరగంటలో కదులుద్ది," అన్నాను.

పంటు ఆరున్నరకి కదిలింది.

అవనిగడ్డలో బస్సు వెళ్ళిపోయింది, తర్వాతది వచ్చేదాకా ఆగాం. చల్లపల్లి దాటాం. పామర్రులో దిగి గుడివాడ బస్సెక్కితే సీట్లు నిండేదాకా డ్రైవరు టీ తాగాడు. పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. ఎవరి చేతికి వాచీ కనపడినా చూసేది. నేను వేరుసెనక్కాయలు తెచ్చాను, తినమంటే తల అడ్డంగా ఊపింది. "పదకొండు లోపల అందుతాంలే," అన్నాను. 

బడి గేటు దగ్గరికి చేరేసరికి పదీ నలభై.

రెండంతస్తుల మేడ. కింద వరండాలో పదిమంది దాకా అమ్మాయిలు బెంచీల మీద కూర్చుని ఉన్నారు. చేతుల్లో ఫైళ్ళు, తలల్లో కనకాంబరాలు. కళ్ళజోడు పెట్టుకున్న మాస్టారు ఒకాయన ఎదురొచ్చాడు.

"పరీక్ష పదింటికే పెట్టేశామమ్మా. అరగంట కాగితం. రాసేశారు అందరూ."

పిల్ల సంచీలోంచి కార్డు తీసి ఆయనకి చూపించింది. ఆ మాస్టారు మంచాయన. దాని వంకా, ఒండ్రు ఎండిపోయిన దాని పాదాల వంకా చూశాడు. "ఎక్కణ్ణుంచి?" అని అడిగాడు. చెప్పాం. "అంత దూరం నుంచా?" అని, లోపలికి వెళ్ళి ఒక కాగితం తెచ్చాడు. "ఒక పేపరు మిగిలింది. మేడం గారు ఇంకా రాలేదు. ఆవిడ వచ్చి సరేనంటే ఇస్తాను. అలా కూర్చోండి."

ఆ కాగితం ఆయన చేతిలో మడత విప్పి ఉంది. పిల్ల నిలబడ్డ చోటు నుంచే చూసేసింది. నా పక్కన కూర్చుని, పొద్దుట్నుంచీ మొదటిసారి తనంతట తాను మాట్లాడింది.

"ఖాళీలు నాయనమ్మా. పైన పదిహేను అవే. ఎట్, ఆన్, ఇన్. అన్నీ వచ్చు నాకు."

"వస్తాయిలే. కాగితం ఇస్తాడుగా."

కూర్చున్నాం. గోడ గడియారం మాకెదురుగానే ఉంది. పదకొండైంది. పదకొండున్నరైంది. పక్కనమ్మాయి ఒకతె నిద్ర పట్టి తూలింది. నాకు లోపల ఒకలాంటి సంతోషం కూడా మొదలైంది. ఇక్కడా అంతేగా, పదింటికి అన్నవాళ్ళు పదింటికి రాలేదుగా అని. పిల్లతో అందామనుకుని ఎందుకో ఆగాను. ఆగకుండా దాంతోనే అనేసి ఉంటే అక్కడితో తీరిపోయేదేమో.

పన్నెండుకి అయిదు నిమిషాలుండగా కారొచ్చింది. మేడం గారు దిగింది. అందరూ లేచి నిలబడ్డారు. మాస్టారు ఆ కాగితం పట్టుకుని ఎదురెళ్ళి చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ మా దగ్గరికి వచ్చి ఆగింది. కోపంగా కూడా లేదు.

"పదింటికని కార్డులో రాశాం కదమ్మా. ఎన్నింటికి వచ్చావు?"

పిల్ల నోరు తెరిచేలోపు నేనే అన్నాను. "పంటు ఆలస్యమైందండీ. పోటు రావాలి."

"అది సరేనండీ. పిల్లలకి టైము నేర్పాల్సిన టీచరే ఆలస్యంగా వస్తే ఎలా చెప్పండి?" అంటూనే కాగితం కోసం మాస్టారి వైపు చెయ్యి చాపింది. ఆవిడ ఆ కాగితం పిల్లకివ్వడానికే అడిగిందని నేను ఇప్పటికీ అనుకుంటాను. పొరపాటైందండీ అంటే సరిపోయేది. నా నోటికి ఆ మాట ఎప్పుడూ అలవాటు లేదు.

"మరి మీరెన్నింటికి వచ్చారండీ?" అన్నాను. "గడియారం పన్నెండు చూపిస్తోంది. కార్డు మీద ఎట్ టెన్ అని రాశారు. ఆ ఎట్ మాకొక్కళ్ళకేనా, మీకు కూడానా?"

పిల్ల నా చెయ్యి గట్టిగా నొక్కింది. వెనక బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఇద్దరు ముగ్గురు నవ్వారు. మేడం గారు వాళ్ళ వంక చూసింది, నా వంక చూసింది, పిల్ల వంక మటుకు చూడలేదు.

"మాస్టారూ, ఆ పేపరు లోపల పెట్టెయ్యండి. రాసినవాళ్ళని ఒక్కొక్కళ్ళనే పంపించండి."

అంతే. మాస్టారు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. గేటు దాకా వచ్చి, "మళ్ళీ ఏడు చూడమ్మా," అన్నాడు పిల్లతో.

బస్టాండులో ఆటోవాళ్ళ అరుపులు. నేను ఇంకా మాట్లాడుతూనే ఉన్నాను. వాళ్ళు పన్నెండింటికి రావచ్చు, మనం నలభై నిమిషాలు ఆలస్యమైతే తప్పొచ్చిందా, ఉన్నోళ్ళకో గడియారం, లేనోళ్ళకో గడియారం. పామర్రు బస్సు వచ్చేదాకా అలా అంటూనే ఉన్నాను. పిల్ల అంతా విన్నాక అంది.

"నువ్వన్నది న్యాయమే నాయనమ్మా. కానీ ఆ ఉద్యోగం నీది కాదు."

 బస్సొచ్చింది.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి అది షెడ్డు వ్యాను ఆగే చోట నిలబడి ఉంది. వెళ్ళమని నేననలేదు, వెళ్ళొద్దనీ అనలేదు. సాయంత్రం వచ్చి, చేతులు కొబ్బరినూనెతో రుద్దుకుని పడుకుంది. అలా రెండు సీజన్లు గడిచాయి. ఇంట్లో చదువు వినపడటం మానేసింది. చదవట్లేదని అనుకున్నాను. వినపడితేనే చదువని నేను పెట్టిన నియమం కదా. అది షెడ్డులో అన్నం తినే అరగంటలో, ఐసు పెట్టెల మీద కూర్చుని లోపల్లోపల చదువుకునేదని నాకు తర్వాత వేరేవాళ్ళు చెప్పారు.

వేళ్ళు పాడయ్యాయని నేనోసారి పసుపు నూరి తెచ్చాను. "పెట్టుకుంటాలే, అక్కడ పెట్టు," అంది. పెట్టుకుంది కూడా. కసురుకుంటే నాకు కాస్త ఊరటగా ఉండేది. ఎప్పుడూ కసరలేదు.

మూడో ఏడు వేసవిలో ఒకరోజు సాయంత్రం ఇంటికి రాలేదు. చీకటి పడుతుండగా పక్కింటాయన వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"పెద్దమ్మా, కంగారు పడకు. పిల్ల బందరు వెళ్ళింది. మధ్యాహ్నం నేనే అవతల దింపాను. రేపు అక్కడ ఏదో బడిలో పరీక్ష ఉందంట. రాత్రికి వాళ్ళ నాన్న దగ్గర ఉంటుంది."

"నాకు చెప్పలేదేం?"

ఆయన కండువాతో మెడ తుడుచుకున్నాడు. "నన్నూ చెప్పొద్దంది. బయల్దేరాకే చెప్పమంది."

"కార్డెప్పుడొచ్చింది?"

"వారమైందంట. మా ఇంటి చిరునామాకి తెప్పించుకుంది."

ఆ రోజు తిథి ఏంటో నేను క్యాలెండరు చూడలేదు. లోపలికి వెళ్ళి దాని పెట్టె తెరిస్తే రెండు జతల బట్టలు లేవు, పుస్తకాలు లేవు.

ఉద్యోగం వచ్చింది. బందరులోనే, రెండో తరగతికీ మూడో తరగతికీ ఇంగ్లీషు. డిగ్రీ కట్టింది, పాసయింది. బాగా చెబుతుందని నా కొడుకు అంటాడు. ఎన్నింటికి బడో, ఏ వారం సెలవో, పరీక్షలెప్పుడో, అన్నీ వాడికి తెలుసు. నాకు వాడు చెబితేనే తెలుస్తాయి. వాళ్ళ బడి పిల్లలకి ఎట్, ఆన్, ఇన్ ఎలా చెబుతోందో, పోటూ తిథీ కార్తె అని చెబుతోందో లేదో అడగాలని ఉంటుంది. ఎప్పుడూ అడగలేదు. అడిగి, లేదంటే వినాలి కదా.

తప్పు లేకుండా చూస్తుంది నన్ను. కళ్ళద్దాలు చేయించింది. చలికాలానికి దుప్పటి పంపింది. పక్కింటివాళ్ళకి ఫోనొచ్చాక పదిహేను రోజులకోసారి వాళ్ళింటికి ఫోను చేస్తుంది. నేను వెళ్ళి పట్టుకుంటాను.

"బాగున్నావా నాయనమ్మా?"

"బానే ఉన్నాను. ఎప్పుడొస్తావే?"

"వస్తాలే."

"ఏ వారం?"

"చూసి వస్తాలే నాయనమ్మా."

రెండో మాట ఉండదు. వస్తుంది కూడా, రెండు నెలలకో మూడు నెలలకో. నేను వాకిలి ఊడుస్తుంటేనో, చేపలు ఆరబెడుతుంటేనో వీధి చివర కనపడుతుంది. మళ్ళీ వెళ్ళేటప్పుడూ అంతే. సంచీ భుజాన వేసుకున్నాకే వెళ్తున్నానంటుంది. పంటు ఎప్పుడు కదులుతుందో నన్ను అడగదు. రేవులో వాళ్ళని అడుగుతుంది.

నేను ఒక్కదానికి సరిపడా కొలిచి వండుకుంటాను. మిగిలితే పారెయ్యాలి. అందుకని అది వచ్చే వేళకి గిన్నెలో ఏమీ ఉండదు. పొయ్యి రాజెయ్యబోతే, "వద్దు, తినే వచ్చాను," అంటుంది. అవనిగడ్డలో తినేంత సేపు బస్సు ఆగదని, అవతల రేవులో ఏ హోటలూ లేదని ఇద్దరికీ తెలుసు. మంచినీళ్ళు తాగి అరుగు మీద కూర్చుంటుంది. గుప్పెడు బియ్యం ఎక్కువ పోద్దామని రోజూ అనుకుంటాను. ఏ రోజని పొయ్యను?